ఆదివారం విశ్రాంతే, కానీ పొదుగుకు ఆదివారం తెలీదు: శనివారం సాయంత్రానికి ఏమేం తెమలాలి?

దీపంవత్తి:
విశ్రాంతి దినాన్ని ఇంటిల్లిపాదీ పాటించాలనుకునే పాడీ పంటా ఉన్న కుటుంబాల కోసం ఈ చర్చ. లెక్కకు ఒక ఇల్లు అనుకుందాం. పాలిచ్చే ఆవులు 2, మేకలు 4, కోళ్ళు 20, కూరగాయల మడులు, కట్టెల పొయ్యి. ఉదయం పదింటికి ఆరాధన. ఆదివారం చేయక తప్పని పని ఎంత? ముందు రోజుకు జరపగలిగింది ఎంత? సాయంత్రం పాలు మానొచ్చా? మధ్యాహ్నం భోజనం సంగతేమిటి? రోజూ చేసుకునే కుటుంబ ప్రార్థన కొట్టం పనితో ఢీకొనకుండా ఎక్కడ పెట్టుకోవాలి?

ఏ రోజు అసలైన విశ్రాంతి దినం అన్న వాదన మాత్రం ఇక్కడ వద్దు. శుక్రవారం పొద్దుగుంకిన దగ్గర్నుంచి పాటించేవాళ్ళు కింద వచ్చే రోజుల పేర్లను ఒకటి వెనక్కి జరిపి చదువుకోండి.

పాలదుత్త:
ముందు ఒక మాట. బైబిల్లో నిర్గమకాండము 20:10 చదివితే విశ్రాంతి మనకే కాదు, పశువుకూ అని ఉంటుంది. 23:12లో ఎద్దు, గాడిద పేరు పెట్టి మరీ చెప్పింది. అంటే కొట్టంలో ఏ పనికైనా పెట్టాల్సిన పరీక్ష "నేను మానేస్తే పశువు బాధపడుతుందా?" అన్నదే. లూకా 13:15లో విశ్రాంతి దినాన ఎద్దును గాడి దగ్గర విప్పి నీళ్ళకు తోలుకుపోవడం అందరూ చేసేదే అన్నట్టు వస్తుంది. కాబట్టి నీళ్ళు, మేత, పాలు, రోగం, ఈత (ఈనడం): ఈ ఐదూ ఆదివారం పనులే. పేడ ఎత్తి ఎరువుకుప్పకు మోయడం, కొట్టం కడగడం, దాణా కలపడం, గడ్డి కోయడం శనివారానివి.

నీళ్ళ లెక్కతో మొదలుపెడతాను, ఎక్కువ మంది తప్పేది అక్కడే. పాలిచ్చే ఆవు రోజుకు 60 నుంచి 100 లీటర్లు తాగుతుంది. ఎండ ముదిరితే పై అంకె ఖాయం. పాలలో 87 శాతం నీళ్ళే, అందుకే తాగుడు తగ్గితే మొదట తగ్గేది పాలు. మేకకు 5 నుంచి 10 లీటర్లు. 20 కోళ్ళకు మామూలు రోజుల్లో 5 లీటర్లు, ఎండల్లో దానికి రెట్టింపు. మొత్తం 250 లీటర్లు అనుకోండి. 500 లీటర్ల ట్యాంకు ఎత్తులో పెట్టి, తొట్టికి ఫ్లోట్ వాల్వ్ (తొట్టి నిండగానే బంతి తేలి నీళ్ళను ఆపేది) బిగిస్తే రెండు రోజుల నీళ్ళు చేయి పెట్టకుండా అందుతాయి.

ఆ ఫ్లోట్ సంగతే చూసుకోవాలి. పాచి పట్టి పైనే ఇరుక్కుంటే తొట్టి ఎండిపోతుంది. ఆరాధన నుంచి వచ్చేసరికి ఆవులు నాలుక చాపుకుని నిలబడి ఉంటాయి. శనివారం సాయంత్రం బంతిని అరచేత్తో కిందికి నొక్కి చూడండి. నీళ్ళు జర్రున రావాలి, వదిలేస్తే ఆగిపోవాలి. సన్నగా కారుతూనే ఉంటే వాల్వ్ నోట్లో ఇసుక రేణువు ఉన్నట్టు. విప్పి తుడిస్తే ఐదు నిమిషాల పని, వదిలేస్తే తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ.

గడ్డివాము:
మేత గురించి దుత్త గారు వదిలేసింది నేను అందుకుంటాను. 400 కిలోల ఆవుకు రోజుకు 10 నుంచి 12 కిలోల పొడిపదార్థం కావాలి. శరీర బరువులో రెండున్నర నుంచి మూడు శాతం అన్నమాట. పచ్చిమేతలో పొడిపదార్థం ఐదో వంతే, మిగతాదంతా నీరు. కాబట్టి 25 కిలోల పచ్చిమేతలో దక్కేది 5 కిలోలు. దానికి 6 కిలోల ఎండుగడ్డి, 2 కిలోల దాణా కలిస్తే లెక్క సరిపోతుంది.

శనివారం సాయంత్రం కోసిన పచ్చిమేతను కుప్పగా వేయకండి. తడి మేత కుప్పలో వేడెక్కుతుంది. ఆ వేడిలో మేతలోని నైట్రేట్ నైట్రైట్‌గా మారుతుంది, అది రక్తంలో ప్రాణవాయువు మోసే పనిని అడ్డుకుంటుంది. ఊపిరందక పశువు కూలబడుతుంది, రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. నీడలో, జానెడు మందం మించకుండా పరవాలి. వాడకుండా ఉండాలని నీళ్ళు చల్లడం పొరపాటు. పొద్దున్నే మధ్యలోకి చేయి దూర్చండి. వెచ్చగా తగిలితే ఆ మేత ఎరువుకుప్పకే.

ఇంకొకటి. "రేపు పనుండదు కదా, ఇవాళే రెట్టింపు దాణా వేసేద్దాం" అని ఎవరూ అనుకోవద్దు. పిండి దాణా ఒక్కసారిగా ఎక్కువైతే కడుపులో ఆమ్లం పెరిగి పశువు మేత మానేస్తుంది, ముదిరితే చస్తుంది. ఆదివారం దాణాను శనివారమే తూచి, మూతపెట్టిన బకెట్లలో పూటకొకటి చొప్పున పెట్టుకోండి. పొద్దున ఒలకబోయడమే మిగలాలి. ఎండుగడ్డి కూడా వారమంతా మేతలో భాగంగా ఉండాలి. ఆదివారం ఒక్కరోజే ఎండుగడ్డి వేస్తే పశువు ముక్కుతో నెట్టేస్తుంది.

పొదుగుసంగతి:
సాయంత్రం పాలు మానొచ్చా అన్నదానికి: మానొచ్చు, కానీ ఏ ఆవుకు అన్నది చూడాలి.

కొన్ని పాడి దేశాల్లో వారానికి 14 సార్లకు బదులు 13 సార్లే పితికే పద్ధతి ఉంది, ఆదివారం సాయంత్రం వదిలేస్తారు. శనివారం సాయంత్రం 6కు పితికి, ఆదివారం కాస్త ఆలస్యంగా 8కి, తర్వాత సోమవారం 5కు. చివరి ఎడం 21 గంటలు. ఈని చాలా నెలలై, పాలు తగ్గుముఖం పట్టిన ఆవు దీన్ని తట్టుకుంటుంది. ఈని మూడు నెలలు దాటని ఆవుకు, ఎక్కువ పాలిచ్చేదానికి, ఈ ఈతలో ఒకసారైనా పొదుగువాపు వచ్చినదానికి ఇది పనికిరాదు. పొదుగు బిగిసి, చనుమొన తెరుచుకుని పాలు కారతాయి. అదే దారిన సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి.

నా ఓటు రెండో పద్ధతికి: దూడతో పంచుకోవడం. మామూలు రోజుల్లో దూడను రాత్రి వేరుగా కట్టి, పొద్దున పితికి, పగలంతా తల్లితో వదిలేస్తాం. శనివారం రాత్రి వేరు చేయకండి, అంతే. ఆదివారం పొద్దున మీ పని దూడ చేసి ఉంటుంది. దూడకు నెల దాటి, కొద్దిగా మేత కొరుకుతూ ఉండాలి.

ఏం తప్పుతుంది? దూడ తనకు నచ్చిన రెండు చనుకట్లే కుడుస్తుంది. రోజుకు 12 లీటర్లు ఇచ్చే ఆవును నెల దూడ ఖాళీ చేయలేదు. అందుకని పొద్దున నాలుగు భాగాలనూ విడివిడిగా అరచేత్తో ఒత్తి చూడాలి. ఖాళీ అయిన భాగం ముడతలు పడి మెత్తగా ఉంటుంది. గట్టిగా, వేడిగా ఉన్నదాన్ని అప్పటికప్పుడు పితికేయాలి, అది ఆదివారమైనా సరే. మొదటి మూడు ధారలు నల్లగుడ్డ మీద పితికి తరకలున్నాయా అని చూడటం కూడా మానకూడదు.

సోమవారం ఆవు చేపకపోవడం, అంటే పాలు కిందికి దించకపోవడం, ఇంకో చిక్కు. దూడను ఒక నిమిషం వదిలి, పట్టుకుని పక్కన కట్టేయండి. చేపిన నిమిషం, నిమిషంన్నర లోపల పితకడం మొదలుపెట్టి ఏడు నిమిషాల్లో ముగించాలి. పాలు దించే హార్మోను ప్రభావం ఉండేది అంతసేపే. మధ్యలో ఫోన్ ఎత్తితే మిగతా పాలు పొదుగులోనే ఉంటాయి.

నాగటిచాలు:
టైమర్ పెట్టిన పాలయంత్రం వాడొచ్చు కదా? యూదుల పాడిక్షేత్రాల్లో విశ్రాంతి దినాన అలాగే చేస్తారు.

పొదుగుసంగతి:
చేస్తారు నాగటిచాలు గారూ. పశువు బాధ తీర్చడం కోసం అనే మాట మీదే ఆ ఏర్పాటంతా నిలబడింది. కానీ రెండు ఆవులకు యంత్రం పెడితే కడగడం మిగులుతుంది. గొట్టాలు, కప్పులు గోరువెచ్చని నీళ్ళతో ఒకసారి, వేడినీళ్ళూ డిటర్జెంటుతో ఇంకోసారి. ఇద్దరు చేత్తో పితికితే దానికంటే ముందే తెమలుతుంది. మంద పెద్దదైతే యంత్రం మాట వేరు.

దీపంవత్తి:
సరే, పాలు తీశాం. ప్రార్థన ఎక్కడ పెట్టాలి? పితకడానికి ముందు పెడితే పిల్లలు కునుకుతారు, తర్వాత పెడితే ఎవరో ఒకరు పాలక్యాన్ల దగ్గర ఉండిపోతారు.

మేల్కొలుపు:
పాలు చల్లారే సమయంలో పెట్టండి. వడకట్టిన పాలను క్యాన్‌లో పోసి చల్లనీళ్ళ తొట్టిలో దించుతాం కదా, రెండు గంటల్లో 4 డిగ్రీలకు రావాలి. బయటి నీటిమట్టం లోపలి పాలమట్టం కంటే కొంచెం ఎత్తుగా ఉండాలి, మంచు వేయాలి, ఐదు నిమిషాలకోసారి గరిటెతో కలపాలి. కలపకపోతే అంచున చల్లబడి నడుమ వెచ్చగానే ఉంటుంది, ఆ నడుమే పులుపు మొదలవుతుంది. ప్రార్థనకు 15 నిమిషాలు చాలు. తొట్టి పక్కనే బల్లలు వేసుకుంటే పెద్దపిల్ల గరిటె తిప్పుతూనే కీర్తన పాడుతుంది. ఎవరూ విడిపోనక్కర్లేదు.

క్రైస్తవ సన్యాసి బెనెడిక్ట్ 6వ శతాబ్దంలో తన మఠాలకు రాసిన నియమావళిలో 43వ అధ్యాయం ఇదే చెబుతుంది: గంట వినగానే చేతిలో ఉన్నది వదిలి రావాలి. మఠంలో అది సాధ్యం, సగం పితికిన ఆవును వదిలి రావడం కుదరదు. అందుకే గంటను పాల చివరకు కట్టాలి, గడియారానికి కాదు. ఆయన కూడా పనివేళలను కాలాన్ని బట్టి మార్చాడు (48వ అధ్యాయం). 31వ అధ్యాయంలో పనిముట్లను బలిపీఠపు పాత్రల్లా చూడమంటాడు. కడగని పాలదుత్తను చూసినప్పుడల్లా గుర్తొచ్చే మాట అది.

చదవడానికి కీర్తనలు 150. రోజుకు ఐదైతే నెలకు పూర్తి. మొదటి తేదీన 1, 31, 61, 91, 121. రెండో తేదీన ఒక్కో అంకె పెంచుకుంటూ పోవడమే. తేదీ చూసుకుంటే చాలు, గుర్తు పెట్టుకునే పనిలేదు. ఈ పద్ధతి విరిగేది 29వ తేదీన. ఆ రోజు 89, 119 రెండూ పడతాయి. 89లో 52 వచనాలు, 119లో 176. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ పొద్దు గోలే. 119ని పక్కనపెట్టి, 8 వచనాల చొప్పున 22 సాయంత్రాలకు పంచండి. అది 22 అక్షరాల వరుసలో అలాగే విడిపోయి ఉంది. సామెతలు 31 అధ్యాయాలు, రాత్రి పడుకునేముందు తేదీకొకటి.

కోడికూత:
కోళ్ళ వాళ్ళకు క్యాలెండర్ చిట్కా ఒకటి. కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు, అంటే సరిగ్గా మూడు వారాలు. కాబట్టి వారంలో ఏ రోజున పెడితే మళ్ళీ అదే రోజున పిల్లలు. బాతుగుడ్డుకు 28 రోజులు, నాలుగు వారాలు, అదీ అంతే. తీరిక దొరికిందని ఆదివారం మధ్యాహ్నం ఇంక్యుబేటర్ నింపితే, పిల్లలు బయటికొచ్చే హడావిడి ఇంకో ఆదివారం మీద పడుతుంది.

18వ రోజు గుడ్లు తిప్పడం ఆపి తేమ పెంచి మూత పెట్టేస్తాం. బుధవారం పెడితే ఆ 18వ రోజు ఆదివారం. మంగళవారం పెడితే శనివారం, గురువారం పెడితే సోమవారం. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోండి. నేనైతే గురువారానికే మొగ్గుతాను. ఒక రోజు అటూ ఇటూ అయినా పిల్లలు బుధ, శుక్రవారాల మధ్యే వస్తాయి. గాలి ఆడించే పెట్టెలో 37.5 డిగ్రీలు. గుడ్లు చేత్తో తిప్పేవాళ్ళు రోజుకు మూడుసార్లు, అంటే బేసి సంఖ్యలో తిప్పాలి. రాత్రంతా వరసగా ఒకే పక్క మీద ఉండకుండా అన్నమాట. ఆదివారం కూడా ఈ మూడూ మానరాదు, అర నిమిషం పని. కదలకుండా ఉన్న పిండం పెంకు పొరకు అంటుకుంటుంది.

కోడికి రోజుకు 110 నుంచి 120 గ్రాముల మేత, ఇరవైకి రెండున్నర కిలోల లోపే. శనివారం రాత్రి మేతడబ్బా నింపి వేలాడదీయండి. అంచు కోడి వీపు ఎత్తున ఉంటే గింజ చిమ్మవు. గుడ్లు చాలావరకు మధ్యాహ్నం లోపే పెట్టేస్తాయి. ఆరాధన నుంచి వచ్చాక ఒక్కసారి ఏరితే చాలు.

అటకమీదపెట్టె:
వంట. నాలుగో ఆజ్ఞలో కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువు, పరదేశి అందరి పేర్లూ ఉంటాయి, భార్య పేరు ఉండదు. "నీవు" అన్న మాటలోనే ఇద్దరూ ఉన్నారని అర్థం చెబుతారు. చాలా ఇళ్ళల్లో మాత్రం ఆమె పేరు లేదనే చదువుకున్నట్టుంటుంది ఆదివారం వంటింటిని చూస్తే! నిర్గమకాండము 16:23లో కాల్చేది కాల్చుకోండి, వండేది వండుకోండి, మిగిలింది రేపటికి ఉంచుకోండి అని ముందురోజే చెప్పించాడు దేవుడు.

దానికి తగిన సాధనం గడ్డిపెట్టె. మూతున్న చెక్కపెట్టె. అడుగున, చుట్టూ, పైన నాలుగంగుళాల మందం ఎండుగడ్డి దట్టించి కూరాలి. నడుమ గిన్నె పట్టే గుంత. పైన గడ్డి కుక్కిన దిండు. గిన్నెను మరిగించి లోపల పెడితే పొయ్యి లేకుండానే ఉడుకుతుంది.

దీన్ని పాడుచేసేవి ఇవి. గిన్నె ముప్పావు వంతైనా నిండకపోతే వేడి నిలవదు. మరిగీ మరగకముందే దించితే గింజ నడుమ చల్లగానే ఉంటుంది. చిక్కుళ్ళ జాతి గింజలైతే నానబెట్టిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో పది నిమిషాలు కుతకుతా మరగాలి. రాజ్మా లాంటి వాటిలోని విషపదార్థం తక్కువ వేడిలో చావదు. మధ్యలో మూత తీస్తే అంతా పోయినట్టే.

అన్నిటికంటే పెద్ద తప్పు శనివారం రాత్రి పది గంటలకు పెట్టి ఆదివారం ఒంటిగంటకు తీయడం. పదిహేను గంటలు! అప్పటికి లోపల వేడి 60 కిందికి ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మక్రిములకు పండగ. కాబట్టి తరగడం, కడగడం, నానబెట్టడం శనివారం. ఆదివారం పొద్దున ఏడింటికి పదిహేను నిమిషాలు మరిగించి పెట్టెలో దించండి, ఒంటిగంటకు ఆరు గంటలవుతుంది. తీశాక మళ్ళీ ఒకసారి బుడగలు వచ్చేదాకా కాచి వడ్డించండి. ఉదయం పొయ్యి అసలు వెలిగించకూడదు అనుకునేవాళ్ళకు ఈ పెట్టె పనికిరాదు. వాళ్ళు శనివారం వండి, త్వరగా చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి చల్లగానే తినాలి.

మేల్కొలుపు:
పెట్టె గారి మాటకు ఒక చేర్పు. గిన్నెలు కడగడం, కొట్టం, కోళ్ళు: ఈ మూడింటికీ వంతులు వేసి గోడ మీద రాయండి. నెలలో ప్రతి మనిషికీ కనీసం ఒక ఆదివారం ఏ వంతూ లేకుండా రావాలి. ఐదారేళ్ళ పిల్లలకు గుడ్లు ఏరడం, కోళ్ళ నీళ్ళు. ఎనిమిది దాటితే మేకలకు మేత. ఆవు కాళ్ళ దగ్గరికి మాత్రం పెద్దవాళ్ళు పక్కన ఉంటేనే.

గడ్డివాము:
ఇప్పుడు అసలు గొడవ. కోసిన గడ్డి పొలంలో ఉంది, ఆదివారం రాత్రికి వాన అంటున్నారు. ఏం చేయాలి?

నాగటిచాలు:
లూకా 14:5. గుంటలో పడ్డ ఎద్దును విశ్రాంతి దినాన బయటికి లాగరా? గడ్డి తడిస్తే పశువు పస్తే. కుప్ప వేసేయండి.

అంచుచేను:
ఎద్దు తనంతట తాను పడింది నాగటిచాలు గారూ. గురువారం గడ్డి కోసినవాడు ఎద్దును తానే తోసినట్టు. నిర్గమకాండము 34:21 దున్నే కాలంలోనూ కోతకాలంలోనూ విశ్రమించమని ప్రత్యేకంగా చెబుతోంది, సాకులు వచ్చేది అప్పుడే కాబట్టి.

కోసిన గడ్డి ఎండటానికి మంచి ఎండలో మూడు నాలుగు రోజులు. బుధవారం పొద్దున కొడవలి పెడితే శనివారానికి కుప్పకు వస్తుంది. గురువారం పెడితే ఆదివారమే. అందుకని నిర్ణయం ఆదివారం చేసేది కాదు, బుధవారం చేసేది. బుధవారం మబ్బుగా ఉంటే సోమవారం దాకా ఆగండి. ముదిరి కాస్త బలం తగ్గినా నిల్వ ఉండే గడ్డి, తడిసి బూజుపట్టిన గడ్డి కంటే వెయ్యి రెట్లు నయం.

హడావిడిగా శనివారం రాత్రి సగం ఎండిన గడ్డి వాము వేస్తే ఇంకా ప్రమాదం. తేమ 20 శాతం దాటితే లోపల వేడి పుడుతుంది. రెండు నుంచి ఆరు వారాల్లో తనంతట తానే అంటుకోవచ్చు. పొడవాటి ఇనుప గొట్టంలో థర్మామీటర్ దించి నడుమ వేడి చూడండి. 55 డిగ్రీలు దాటితే రోజుకు రెండుసార్లు, ఆదివారమైనా సరే. 70 దాటితే అగ్నిమాపక దళాన్ని పిలవకుండా వాము విప్పకండి, గాలి తగలగానే భగ్గుమంటుంది. పైకెక్కి తొక్కనూ వద్దు, లోపల కాలి బోలైన చోట మనిషి కూరుకుపోతాడు.

నాగటిచాలు:
సరే, బుధవారం మాట ఒప్పుకుంటున్నా. గింజల సంగతి? నూర్చి ఆరబోసినవి ఎండాయో లేదో శనివారమే తేలాలి కదా, ఎత్తాలా కప్పాలా అని.

అంచుచేను:
ఉప్పు పరీక్ష. బాగా ఆరిన గాజుసీసాలో మూడో వంతు గింజలు, పైన రెండు చెంచాల పొడి ఉప్పు. బిగించి రెండు మూడు నిమిషాలు గలగలా ఊపి, పావుగంట కదపకుండా పెట్టండి. ఉప్పు గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉన్నట్టు, ఎత్తకూడదు. ఉప్పు రాలిపోయి అడుగుకు చేరితే ఎత్తేయొచ్చు. ఉప్పే తడిగా ఉంటే పరీక్ష అబద్ధం చెబుతుంది. ముందు పెనం మీద వేడిచేసి చల్లార్చుకోండి.

పనిలో పనిగా, నా పేరు సంగతి. లేవీయకాండము 19:9 పొలం అంచులు పూర్తిగా కోయవద్దంటుంది, ఎంత అని చెప్పదు. యూదుల పాత ధర్మసంకలనం మిష్నా అరవయ్యో వంతుకు తగ్గకూడదని లెక్క కట్టింది. 600 చదరపు మీటర్ల మడిలో 10 చదరపు మీటర్లు. దాన్ని బావి పక్కనో కొట్టం వెనకో కాకుండా దారి పక్క అంచున వదలండి. అడగకుండా వచ్చి కోసుకోగలిగితేనే అది పేదలది. తెగులు తగిలిన అంచును వదిలితే మాత్రం దానం కాదు, తెగులును నిల్వ చేయడం.

దీపంవత్తి:
దశమభాగం పాలల్లో ఎలా తీస్తారు? ధాన్యమైతే కొలవొచ్చు. పాలు నిల్వ ఉండవు.

పాలదుత్త:
ఆదివారం పాలు మొత్తం ఇచ్చేయండి. అమ్మకం, తోడు, వెన్న, జున్ను ఏ పనీ ఆ రోజు మిగలదు. రోజుకు పదేసి లీటర్లైతే వారానికి 70, దశమభాగం 7, ఆదివారం వచ్చేది 10. ఏడో వంతు పదో వంతు కంటే పెద్దదే, లెక్కలో తప్పు పోయే భయం లేదు. పైగా పంచడానికి ఆరాధనకు వచ్చేవాళ్ళు ఎలాగూ ఉన్నారు.

పచ్చిపాలు మాత్రం ఇవ్వొద్దు. గర్భిణులు, పసిపిల్లలు, ముసలివాళ్ళు తాగుతారు. పొంగు వచ్చేదాకా కాచి ఇవ్వండి, లేదా 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి వెంటనే చల్లార్చండి. థర్మామీటర్ పాల నడుమ ఉండాలి, గిన్నె అడుగుకు తగిలితే ఎక్కువ చూపిస్తుంది.

గడ్డివాము:
కట్టెల పొయ్యి ఎవరూ ముట్టలేదు. శనివారం రాత్రి నిప్పులను ఒక మూలకు లాగి, కుప్పచేసి, బూడిద రెండంగుళాలు కప్పితే పొద్దున్నకు కణకణలాడతాయి. ఇంటి లోపలి పొయ్యి అయితే పొగగొట్టం తలుపు పూర్తిగా మూయకండి. కప్పిన నిప్పు విడిచే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తీసిన బూడిదను మూతున్న ఇనుప డబ్బాలో, గోడకు దూరంగా పెట్టాలి. చల్లారిందనుకున్న బూడిదలో నిప్పు రెండు మూడు రోజులు బతికే ఉంటుంది. చాలా ఇళ్ళు కాలేది ప్లాస్టిక్ బకెట్లో పోసిన బూడిద వల్లే అని నా అనుమానం.

కోడికూత:
ఏడో ఏడు భూమికి విశ్రాంతి (లేవీయకాండము 25:4) పాటించేవాళ్ళు మడులను ఏడు భాగాలు చేసి ఏటా ఒకటి వదలొచ్చు. బోసిగా వదలొద్దు, వానకు పైమట్టి పోతుంది. పప్పుజాతి పచ్చిరొట్ట చల్లి, పూతకు వచ్చినప్పుడు కోసి అక్కడే పరవాలి. గింజ కట్టనిస్తే మరుసటేడు కలుపు అదే.

దీపంవత్తి:
చివరగా ఈత సంగతి. ఆరాధన వేళకు ఆవు ఈనే సూచనలుంటే ఎవరో ఒకరు ఉండిపోవాల్సిందేనా?

పొదుగుసంగతి:
ఉండాలి. ద్వితీయోపదేశకాండము 22:4 దారిలో పడ్డ సాటివాడి ఎద్దునే లేపమంటోంది, మన ఆవును వదిలి పోతామా. చూలు చివరి నెలలో ప్రధాన మేతను రాత్రి తొమ్మిది పదింటికి వేస్తే ఎక్కువ ఆవులు పగటిపూట ఈనుతాయి. పశుపోషకులు ఏళ్ళుగా వాడుతున్న ఉపాయం ఇది. పగలు అన్నాను కదా, అది ఆరాధన వేళ కూడా కావచ్చు! నిద్ర మాత్రం మిగులుతుంది.

ఉండిపోయినవాళ్ళు చేయాల్సింది చూస్తూ కూర్చోవడమే. నీళ్ళసంచి కనబడ్డాక గంట గడిచినా ముందుకు సాగకపోతే, లేదా ఒక్క కాలే కనబడుతుంటే, లేదా తల లేకుండా కాళ్ళే వస్తుంటే పశువైద్యుణ్ణి పిలవండి. మామూలుగా ముందు రెండు గిట్టలు, వాటి మీద ముక్కు ఆనించి వస్తుంది. ముంగాలు, వెనక్కాలు తేడా తెలియాలంటే గిట్ట నుంచి పైకి తడమండి. మొదటి రెండు కీళ్ళూ ఒకే పక్కకు మడిస్తే ముంగాలు, ఎదురెదురుగా మడిస్తే వెనక్కాలు.

దీపంవత్తి:
ఈనాక మాయ (దూడ వెనక పడే పొర) వేయకపోతే? సోమవారం దాకా ఆగొచ్చా?

పొదుగుసంగతి:
మామూలుగా 12 గంటల్లో వేస్తుంది. 24 దాటితే నిలిచినట్టే. చేత్తో లాగకండి, రాయి కట్టి వేలాడదీయకండి. గర్భసంచి చిరిగి రక్తం పోతుంది, లోపల ముక్క మిగిలి కుళ్ళుతుంది. నేలకు రాసుకునేంత పొడవుంటే కింది భాగం ముడివేసి పైకి ఉంచండి, కుక్కలు దూరంగా. ఆవు మేత మేస్తూ, నెమరు వేస్తూ, జ్వరం లేకుండా ఉంటే సోమవారం పొద్దున వైద్యుడికి చెబితే సరిపోతుంది. వేడి 39.5 దాటినా, మేత మానేసినా, దుర్వాసన వేసినా ఆదివారమే పిలవాలి. థర్మామీటర్ చివర దారం కట్టి తోకకు క్లిప్పు పెట్టండి, లేకపోతే లోపలికి జారిపోతుంది.